బాంబార్డియర్ కేడెట్ల శిక్షణ

బాంబార్డియర్ అనగా బాంబర్ విమానంలో గురి చూసి బాంబులను జారవిడిచే సైనికుడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సంయుక్త రాష్ట్రాల సైనిక వైమానిక దళం ఈ పనికొరకు ప్రత్యేక పాఠశాలలను నెలకొల్పి 45,000 మందికి పైగా యువకులకు శిక్షణ ఇచ్చింది. బ్రిటన్, కామన్‌వెల్త్ దేశాల దళాలలో ఈ పని చేసేవారిని మొదట అబ్జర్వర్ అనీ, 1942 నుండి ఎయిర్ బాంబర్ అనీ వ్యవహరించారు. వాడుకలో బాంబ్ ఎయిమర్ అనే పేరు కూడా కలదు.

అమెరికా పాఠశాలలలో పలు తరగతులు శిక్షణ ముగిసే సమయానికి తమ ఫోటోలతో ఇయర్‌బుక్ అనే స్మరణ సంచికను అచ్చు వేయించుకునేవి. ఆ రోజుల్లో ఇది కేవలం ఒక జ్ఞాపిక. 1973లో జరిగిన అగ్నిప్రమాదంలో సైనికుల అధికారిక పత్రాలు పెద్ద ఎత్తున కాలిపోయిన తరువాత, అనేక కుటుంబాలకు తమ పెద్దల సైనిక జీవితానికి మిగిలిన కొద్దిపాటి ఆధారాలలో ఇది ఒకటైనది.

హైదరాబాదుకు ఈ చరిత్రతో సంబంధం కలదు. ఏడవ నిజాం ధనసహాయం కారణంగా బ్రిటిష్ వాయుసేనలో ఒక బాంబర్ దళం హైదరాబాదు పేరును ధరించింది. యుద్ధకాలంలో బేగంపేట విమానాశ్రయం కేడెట్ల శిక్షణా కేంద్రంగా ఉపయోగపడింది. పూర్వం బాంబార్డియర్ చేసిన పనిని నేటి పద్ధతులలో నేర్పే భారత వాయుసేన పాఠశాల కూడా బేగంపేటలోనే ఉన్నది.

నేపథ్యం

మొదటి ప్రపంచ యుద్ధంలో బాంబులు వేయడం చాలావరకు కంటి అంచనాపై ఆధారపడిన పని. 1930వ దశకంలో విమానాల వేగం, ఎత్తు పెరిగే కొద్దీ ఈ అంచనా పనికిరాకుండా పోయింది. కర్మాగారాలు, రైల్వే యార్డులు, నూనె శుద్ధి కేంద్రాలు వంటి లక్ష్యాలను పగటిపూట చాలా ఎత్తు నుండి గురి తప్పకుండా కొట్టవచ్చునని అమెరికా వైమానిక దళ అధికారులు నమ్మారు. ఈ సిద్ధాంతం నిలబడాలంటే మంచి గురిసాధనం, దానిని వాడగల నిపుణుడు అవసరం. ఆ విధంగా బాంబార్డియర్ అనే ప్రత్యేక వృత్తి ఏర్పడింది.

యుద్ధం ముదిరిన తరువాత టెక్సాస్, న్యూ మెక్సికో, కాలిఫోర్నియా రాష్ట్రాలలోని విశాలమైన మైదానాలలో ఈ పాఠశాలలు వెలిశాయి. జనసాంద్రత తక్కువగా ఉండుట, ఏడాదిలో ఎక్కువ రోజులు ఆకాశం నిర్మలంగా ఉండుట ఇందుకు కారణాలు. టెక్సాస్‌లోని మిడ్‌లాండ్, బిగ్ స్ప్రింగ్, న్యూ మెక్సికోలోని డెమింగ్, కార్ల్స్‌బాడ్, ఆల్బుకెర్కీ, కాలిఫోర్నియాలోని విక్టర్‌విల్ వీటిలో ముఖ్యమైనవి.

కేడెట్ల ఎంపిక

వైమానిక దళంలో చేరిన కేడెట్లను ముందుగా వర్గీకరణ కేంద్రాలకు పంపేవారు. అక్కడ వైద్య పరీక్షలు, లెక్కల పరీక్షలు, చేతి నేర్పును, కంటికీ చేతికీ గల సమన్వయాన్ని కొలిచే యంత్ర పరీక్షలు జరిగేవి. ఫలితాలను బట్టి పైలట్, నావిగేటర్, బాంబార్డియర్ అనే మూడు శాఖలలో ఒకదానికి కేటాయించేవారు. కేడెట్లలో అధికులు పైలట్ కావాలనే కోరికతో వచ్చినవారే. పైలట్ శిక్షణలో తప్పిపోయిన కొందరు తరువాత బాంబార్డియర్ పాఠశాలలకు వచ్చారు.

శిక్షణ విధానం

శిక్షణా కాలం మొదట 12 వారాలు. తరువాత దీనిని 18 వారాలకు పెంచారు. ఈ కాలంలో ఒక్కొక్క కేడెట్ సుమారు 160 బాంబులు వేసేవాడు. ప్రతి బాంబు లక్ష్యానికి ఎంత దూరంలో పడినదీ లెక్క రాసి ఉంచేవారు. సుమారు 12 శాతం మంది మధ్యలోనే తొలగింపబడ్డారు.

గురి వెనుక గణితం: విమానం నుండి విడిచిన బాంబు నిట్టనిలువుగా కిందికి పడదు. విడిచిన క్షణాన విమానానికి గల వేగం బాంబుకు కూడా ఉంటుంది గనుక అది ముందుకు సాగుతూ కిందికి దిగుతుంది. ఉదాహరణకు 10,000 అడుగుల ఎత్తులో గంటకు 240 కిలోమీటర్ల వేగంతో పోతున్న విమానం నుండి విడిచిన బాంబు, గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోనిచో, నేలను చేరడానికి సుమారు 25 సెకన్లు పడుతుంది. ఈలోగా అది 1,600 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. అనగా లక్ష్యం ఇంకా మైలు దూరంలో ఉండగానే బాంబును విడవాలి. వేగం అంచనాలో గంటకు 5 కిలోమీటర్ల పొరపాటు జరిగినా బాంబు 35 మీటర్ల దూరం తప్పిపోతుంది. దీనికి తోడు ఎదురుగాలి, పక్కగాలి, గాలి నిరోధం వలన బాంబు వెనుకబడుట మొదలైన వాటిని సవరించుకోవాలి. అందువలన ఈ శిక్షణలో గణితానికి పెద్దపీట వేశారు.

నేలపై శిక్షణ: తరగతి గదిలో పాఠాలు ముగిసిన తరువాత కేడెట్లు హ్యాంగర్‌లో చక్రాలపై కదిలే ఎత్తైన చట్రం మీద కూర్చొని సాధన చేసేవారు. కింద నేలపై మోటారుతో నెమ్మదిగా కదిలే చిన్న పెట్టె లక్ష్యంగా ఉండేది. ఎగరకుండానే గురిసాధనం వాడకం ఈ విధంగా అలవాటయ్యేది.

గగనతల శిక్షణ: ఈ శిక్షణలో అత్యధిక భాగం బీచ్‌క్రాఫ్ట్ సంస్థ తయారుచేసిన ఏటీ-11 అనే రెండు ఇంజన్ల విమానాలలో జరిగింది. దీని ముక్కు భాగం గాజుతో ఉండేది. ఒక కేడెట్ బాంబు వేయగా మరొక కేడెట్ అది పడిన చోటును కెమెరాతో చిత్రీకరించేవాడు. అభ్యాసపు బాంబు బరువు 100 పౌనులు. పలుచని రేకు గొట్టంలో ఇసుక నింపి, పడిన చోటు తెలియడానికి కొద్దిగా తుపాకిమందు పెట్టేవారు. నేలపై వలయాలు గీసి, నడిమధ్య ఒక చెక్క గుడిసెను నిలిపేవారు. నేరుగా కేంద్రాన్ని తాకిన బాంబును కేడెట్ల భాషలో "షాక్", అనగా గుడిసె, అనేవారు. ఇయర్‌బుక్‌లలోని హాస్యచిత్రాలను అర్థం చేసుకోవడానికి ఈ మాట తెలిసి ఉండాలి.

నార్డెన్ గురిసాధనం

డచ్చి ఈస్టిండీస్‌లోని జావా ద్వీపంలో జన్మించిన ఇంజనీరు కార్ల్ నార్డెన్ రూపొందించిన గురిసాధనం ఈ శిక్షణకు కేంద్రబిందువు. గైరోస్కోపుల సహాయంతో స్థిరంగా నిలిచే దుర్భిణి, ఎత్తు, వేగం, గాలి వివరాలను బట్టి బాంబు విడవవలసిన క్షణాన్ని నిర్ణయించే యాంత్రిక గణకం ఇందులో ఉండేవి. దీనిని స్వయంచాలక పైలట్‌తో అనుసంధానించినప్పుడు లక్ష్యాన్ని సమీపించే చివరి నిమిషాలలో విమానాన్ని నడిపేది నిజానికి బాంబార్డియరే.

ఈ పరికరాన్ని అత్యంత రహస్యంగా ఉంచారు. సాయుధ కాపలాతో విమానం వద్దకు తెచ్చి, పని ముగిసిన తరువాత తిరిగి భద్రపరిచేవారు. ప్రాణం పోయినా దీని రహస్యాన్ని కాపాడుతామని కేడెట్లు ప్రమాణం చేసేవారు. అయితే ఈ గురిసాధనపు నమూనా చిత్రాలను హెర్మన్ లాంగ్ అనే గూఢచారి యుద్ధానికి ముందే జర్మనీకి చేరవేశాడు. 1941లో అతడు పట్టుబడి శిక్ష పొందాడు. కేడెట్లు ప్రాణం పణంగా పెట్టి కాపాడిన రహస్యం శత్రువుకు అప్పటికే తెలిసినదన్నమాట.

యుద్ధరంగంలో

శిక్షణా మైదానంలోని నిర్మలాకాశం ఐరోపాలో లభించలేదు. మేఘాలు, పొగ, విమాన విధ్వంసక ఫిరంగులు, శత్రు యుద్ధ విమానాలు గురికి అడ్డంకులయ్యాయి. యుద్ధానంతరం అమెరికా జరిపిన అధికారిక పరిశీలనలో, నిర్దిష్ట లక్ష్యాలపై వేసిన బాంబులలో సుమారు 20 శాతం మాత్రమే గురిచూసిన బిందువుకు 1,000 అడుగుల లోపు పడినట్లు తేలింది. క్రమంగా అగ్రభాగాన ఉన్న విమానంలోని బాంబార్డియర్ మాత్రమే గురి చూడగా, మిగిలిన విమానాలు అతనిని అనుసరించి బాంబులు విడిచే పద్ధతి ఏర్పడింది.

ఈ పాఠశాలలలో శిక్షణ పొందినవారు భారతదేశం నుండి కూడా పోరాడారు. 1944లో ఖరగ్‌పూర్ చుట్టుపక్కల విమానాశ్రయాలలో అమెరికా బీ-29 బాంబర్లను నిలిపారు. ఆ విమానాల మొదటి యుద్ధ దాడి 1944 జూన్ 5న ఇక్కడి నుండి బ్యాంకాక్‌పై జరిగింది.

బాంబుల కింద ఉన్నవారి కథ ఇయర్‌బుక్‌లలో కనిపించదు. అంతకు రెండేళ్ళ ముందు తెలుగువారు అటువైపు నిలిచారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక నుండి వచ్చిన విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. బాంబార్డియర్‌గా పనిచేసి తరువాత చరిత్రకారుడైన హోవర్డ్ జిన్, 1945 ఏప్రిల్‌లో తాను పాల్గొన్న ఫ్రాన్సులోని రోయా పట్టణపు దాడిని గురించి యుద్ధానంతరం అక్కడికి వెళ్ళి పరిశోధించాడు. ఎత్తు నుండి చూసినవానికి కింద మనుషులు కనిపించరనే విషయాన్ని ఆయన తన రచనలలో పదే పదే ప్రస్తావించాడు. నవలాకారుడు జోసెఫ్ హెల్లర్ కూడా బాంబార్డియరే. హిరోషిమాపై అణుబాంబు విడిచిన థామస్ ఫెరెబీ, ఒలింపిక్ క్రీడాకారుడై ఉండి తరువాత జపాను చెరలో మగ్గిన లూయీ జాంపెరీనీ ఈ వృత్తివారిలో ప్రసిద్ధులు.

ఇయర్‌బుక్‌లు

ఒక్కొక్క తరగతికి సంవత్సరం, వరుససంఖ్య కలిపి పేరు పెట్టేవారు. ఉదాహరణకు 43-12 అనగా 1943లో శిక్షణ ముగించవలసిన పన్నెండవ తరగతి. ఇయర్‌బుక్ అట్టపై సాధారణంగా పాఠశాల పేరు, ఈ సంఖ్య కనిపిస్తాయి. లోపల పాఠశాల అధిపతి సందేశం, శిక్షకుల ఫోటోలు, వసతి గృహాలు, భోజనశాల, కవాతు దృశ్యాలు, హాస్యచిత్రాలు, ఆ తరువాత ఒక్కొక్క కేడెట్ ఫోటో, పేరు, స్వస్థలం ఉంటాయి. చివరి పేజీలు సహచరుల సంతకాల కొరకు ఖాళీగా వదిలేవారు.

ఈ పుస్తకం తల్లిదండ్రుల ఇంటికి చేరే సమయానికి కేడెట్ యుద్ధ సిబ్బందిలో చేరి విదేశానికి పయనమయ్యే దశలో ఉండేవాడు. తిరిగి రానివారి కుటుంబాలకు అది కుమారుని చివరి ఫోటో గల పుస్తకమైనది. తిరిగి వచ్చినవారిలో చాలామంది యుద్ధం గురించి ఇంట్లో మాట్లాడలేదు. వారి మరణానంతరం పాత పెట్టెలలో ఇది బయటపడినప్పుడే పిల్లలకు తండ్రి ఎక్కడ చదివినదీ, ఎవరితో కలసి తిరిగినదీ తెలిసిన సందర్భాలు ఉన్నాయి.

1973 అగ్నిప్రమాదం

1973 జూలై 12న మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ సమీపంలో గల జాతీయ సిబ్బంది పత్రాల కేంద్రంలో మంటలు చెలరేగాయి. 1 కోటి 60 లక్షల నుండి 1 కోటి 80 లక్షల వరకు సైనికుల దస్త్రాలు నాశనమయ్యాయి. 1912 నవంబరు నుండి 1959 చివరి వరకు సైన్యం నుండి విడుదలైనవారి పత్రాలలో సుమారు 80 శాతం పోయాయి. యుద్ధకాలంలో వైమానిక దళం సైన్యంలో భాగమే కావడంతో బాంబార్డియర్ల పత్రాలు కూడా వీటిలో ఉన్నాయి. కాలిపోయిన దస్త్రాలకు నకళ్ళు గాని, మైక్రోఫిల్ములు గాని, పూర్తి సూచిక గాని లేవు.

ఆ తరువాత వైద్య సహాయం, పింఛను, పతకాలు కోరేవారు తమ సేవను ఇతర ఆధారాలతో నిరూపించుకోవలసి వచ్చింది. ఇయర్‌బుక్ అధికారిక పత్రం కాదు. అయినను ఫలానా వ్యక్తి ఫలానా సంవత్సరంలో ఫలానా పాఠశాలలో ఉన్నాడని చెప్పగల అచ్చు ఆధారం అది. పాఠశాల పేరు, తరగతి సంఖ్య తెలిస్తే మిగిలిన పత్రాలను ఎక్కడ వెదకవలెనో తెలుస్తుంది.

ఆధారంగా గల పరిమితులు

* శిక్షణ మధ్యలో తొలగింపబడినవారు సాధారణంగా ఇయర్‌బుక్‌లో కనిపించరు.
* ఫోటో ఉన్నంత మాత్రాన ఆ వ్యక్తి యుద్ధానికి వెళ్ళాడని చెప్పలేము. 1945లో శిక్షణ ముగించిన కొందరు విదేశానికి పోకముందే యుద్ధం ముగిసింది.
* యుద్ధకాలంలో అమెరికా గడ్డపైనే విమాన ప్రమాదాలలో సుమారు 15,000 మంది వైమానిక సిబ్బంది మరణించారు. ఇయర్‌బుక్‌లలోని ఉత్సాహపూరిత వాతావరణంలో ఈ విషాదం కనబడేది తక్కువ.

పాత అచ్చు కాగితాలకు తేమ, పురుగులు, ఎండ శత్రువులు. ఇటువంటి పుస్తకాలకు అతుకు టేపులు వేయడం, ప్లాస్టిక్ పొరతో లామినేషన్ చేయించడం హానికరం. తుప్పు పట్టే పిన్నులను తొలగించి, పొడి ప్రదేశంలో ఉంచి, ప్రతి పేజీని స్కాన్ చేసి ఉంచడం మేలు. సంతకాల పేజీలను, వెనుక అట్టను వదలిపెట్టరాదు.

హైదరాబాదు పేరు గల దళాలు

మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విరాళంతో బ్రిటిష్ వాయుసేన 110వ దళానికి డీహెచ్-9ఏ బాంబర్ విమానాలు సమకూరాయి. నిజాం బహూకరించినట్లు తెలిపే వాక్యం, సంఖ్య ఆ విమానాలపై రాశారు. వాటిలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరు 5న జర్మనీపై దాడిలో శత్రువులకు చిక్కింది. బెర్లిన్ ప్రదర్శనశాలలోనూ, తరువాత పోలండ్‌లోనూ ఉండి, చివరికి 1977లో లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియానికి చేరింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో 110వ దళంతో పాటు 152, 253 సంఖ్యల యుద్ధవిమాన దళాలు కూడా హైదరాబాదు పేరును ధరించాయి. 152వ దళపు చిహ్నంలో నిజాం ధరించే తలపాగా ఉంటుంది. 1939 సెప్టెంబరు 4న జర్మనీ నౌకలపై బ్రిటన్ జరిపిన మొదటి బాంబు దాడిలో 110వ దళపు బ్లెన్‌హీమ్ విమానాలు పాల్గొన్నాయి. బ్లెన్‌హీమ్‌లో గురి చూసే బాధ్యత అబ్జర్వర్‌ది. ఈ దళం 1942లో భారతదేశానికి వచ్చి, వెంజెన్స్ విమానాలతో బర్మా యుద్ధంలో పాల్గొన్నది.

హైదరాబాదు ధనం, హైదరాబాదు పేరు ఈ విమానాలపై ఉన్నప్పటికీ వాటిని నడిపినవారిలో అత్యధికులు బ్రిటన్, ఇతర కామన్‌వెల్త్ దేశాలవారు. విరాళమిచ్చిన ప్రభువు పేరు విమానంపై రాశారు గాని, అందుకు పన్నుల రూపంలో ధనం సమకూర్చిన తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ ప్రాంతాల రైతుల ప్రస్తావన ఎక్కడా లేదు.

భారత వాయుసేనలో

యుద్ధకాలంలో భారత వాయుసేనకు భారీ బాంబర్లు లేవు. 7, 8 సంఖ్యల దళాలు వెంజెన్స్ విమానాలను వాడాయి. ఇవి లక్ష్యంపైకి దాదాపు నిట్టనిలువుగా దూకి బాంబు వేసే రకం గనుక గురి పైలట్ చేతిలోనే ఉండేది. అందువలన అమెరికాలో వలె వేలమంది బాంబార్డియర్లను తయారుచేసే పాఠశాలల అవసరం ఇక్కడ కలుగలేదు.

అయినను కేడెట్ల శిక్షణ విస్తరించింది. బేగంపేటలో, జోధ్‌పూర్‌లో ప్రాథమిక విమాన చాలన పాఠశాలలు నడిచాయి. బేగంపేటలో కేడెట్లు టైగర్ మాత్ విమానాలపై నేర్చుకున్నారు. ప్రాథమిక దశ దాటినవారికి పై శిక్షణ అంబాలాలో జరిగేది. హైదరాబాదులో 1923లో జన్మించిన ఇద్రీస్ హసన్ లతీఫ్ యుద్ధకాలంలో వాయుసేనలో చేరి, బ్రిటన్‌లో తదుపరి శిక్షణ పొంది, బర్మా రంగంలో పనిచేశారు. 1978 నుండి 1981 వరకు వాయుసేనాధిపతిగా ఉన్నారు. 2018లో హైదరాబాదులో మరణించారు.

బ్రిటిష్ పద్ధతిని అనుసరించిన భారత వాయుసేనలో ఇయర్‌బుక్ స్థానాన్ని రెండు వస్తువులు ఆక్రమించాయి. మొదటిది శిక్షణ పొందిన బృందమంతా వరుసలలో నిలుచున్న గ్రూపు ఫోటో. రెండవది లాగ్‌బుక్. ప్రతి ప్రయాణపు తేదీ, విమానం సంఖ్య, చేసిన పని, పగలు, రాత్రి ఎగిరిన గంటలు ఇందులో స్వయంగా రాసుకొని అధికారి సంతకం పొందాలి. ఇయర్‌బుక్ తరగతిలో అందరికీ ఒకటే. లాగ్‌బుక్ మాత్రం ఒక్కటే ప్రతి, పోతే మరల దొరకదు. గ్రూపు ఫోటో వెనుక పేర్లు రాసి ఉండనిచో ఒక తరం గడిచేసరికి ఆ ముఖాలు ఎవరివో చెప్పేవారు ఉండరు. సమాధి కూడా తెలియని భారతీయ వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ స్మారకంపై కలవు. అక్కడ పేర్లే ఉన్నవి, ముఖాలు లేవు. ముఖాలు కుటుంబాల వద్దనే ఉన్నవి.

తదనంతర కాలం

1948 నవంబరులో భారత వాయుసేన మొదటి భారీ బాంబర్ దళం లిబరేటర్ విమానాలతో ఏర్పడింది. యుద్ధానంతరం కాన్పూర్‌లో విదేశీ దళాలు వదలి వెళ్ళిన పాడైన విమానాలను హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ బాగుచేసి ఇచ్చింది. 1957 నుండి కాన్‌బెర్రా బాంబర్లు వచ్చాయి. వీటిలో గురి చూసే పని నావిగేటర్‌ది. కాన్‌బెర్రాలు 2007లో విరమించాయి.

కంప్యూటర్లు, లేజర్లు, ఉపగ్రహ మార్గనిర్దేశం వచ్చిన తరువాత ప్రత్యేకంగా బాంబార్డియర్ అనే వృత్తి అంతరించింది. ఆ పని ఆయుధ వ్యవస్థల నిర్వాహకులకు సంక్రమించింది. భారత వాయుసేన 2022లో వీరి కొరకు ప్రత్యేక శాఖను ప్రకటించి, 2024లో బేగంపేటలో వెపన్ సిస్టమ్స్ స్కూల్‌ను ప్రారంభించింది. ఇదే నగరంలో సైదాబాద్, సంతోష్‌నగర్‌లకు దక్షిణాన గల కంచన్‌బాగ్‌లో రక్షణ పరిశోధనశాలలు, 1970లో స్థాపితమైన భారత్ డైనమిక్స్ కర్మాగారం ఉన్నవి. నగర శివారులోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ రూపొందించిన గౌరవ్ అనే గ్లైడ్ బాంబును 2024 ఆగస్టులో ఒడిశా తీరాన పరీక్షించారు. విడిచిన తరువాత ఈ బాంబు తన దారిని తానే సరిచేసుకుంటుంది. 25 సెకన్ల పతనాన్ని ముందుగానే లెక్కగట్టవలసిన పూర్వపు కేడెట్ నేర్పు ఈనాడు బాంబులోని పరికరానికి చేరినది. ఆ నేర్పును సాధించినవారి ముఖాలు మాత్రం ఇయర్‌బుక్‌లలోనూ, గ్రూపు ఫోటోలలోనూ మిగిలి ఉన్నవి.